పడిశమా, కోవిడా?

ధనుర్మాసం మంచు దిగేసరికి మా నగరం, రేపల్లె ఊళ్ళ వైపు వరి నూర్పిళ్ళ దుమ్మూ, ఇంటికొక పడిశమూ మామూలే. కోవిడ్ వచ్చాక మాత్రం నాలుగు తుమ్ములు తుమ్మితే చాలు, పక్కవాళ్ళు ఓ చూపు చూస్తారు. ఉత్తి జలుబేనా అని.

చాలామంది ఇప్పటికీ 2021 నాటి పరీక్షే చేసుకుంటారు. కాఫీపొడి డబ్బా మూత తీసి వాసన చూడటం, తెలిస్తే కోవిడ్ కాదని తేల్చేయడం. డెల్టా రోజుల్లో ఆ గుర్తుకి కొంత విలువ ఉండేది. ఒమిక్రాన్ వచ్చాక వాసన పోవడం బాగా తగ్గి గొంతు నొప్పి, ముక్కు కారడం, తుమ్ములు ఎక్కువయ్యాయి. అవన్నీ పడిశం లక్షణాలే. అందుకే చూసీ చూడగానే తేల్చి చెప్పడం డాక్టరు వల్ల కూడా కాదు.

అంచనా మాత్రం వేసుకోవచ్చు. జలుబు తెచ్చే వైరస్‌లు 200కు పైనే ఉన్నా, ఎక్కువసార్లు కారణం రైనోవైరస్. పెద్దవాళ్ళలో దానికి జ్వరం అరుదు. జ్వరం, ఒళ్ళునొప్పులు, మంచం దిగలేని నీరసం ఉంటే కోవిడ్ లేదా ఫ్లూ అనుకోవాలి. కళ్ళూ ముక్కూ దురద పెడుతూ జ్వరం లేకపోతే అది దుమ్ము పడకపోవడమే కావచ్చు. వానాకాలంలో ముక్కు కారకుండా ఒక్కసారిగా కాసే జ్వరం, కళ్ళ వెనక నొప్పి డెంగీవి కావచ్చు. అప్పుడు పారాసిటమాల్ తప్ప ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళల జోలికి పోకూడదు.

తేల్చేది పరీక్షే. మెడికల్ షాపులో దొరికే ర్యాపిడ్ కిట్‌లో ‘సి’ దగ్గర గీత వస్తేనే కిట్ పనిచేసినట్టు. దాంతోపాటు ‘టి’ దగ్గర లేత గీత కనబడినా కోవిడ్ కిందే లెక్క. మొదటి రోజు గీత రాలేదని ఊపిరి పీల్చుకోకండి, 48 గంటలాగి మళ్ళీ చూడాలి.

ప్రతి తుమ్ముకీ కిట్ కొనమని నేననను. ఇంట్లో ముసలివాళ్ళు, షుగరు లేదా కిడ్నీ జబ్బున్నవాళ్ళు, గర్భిణి ఉంటే మాత్రం కొనాల్సిందే. మిగతావాళ్ళకి ఏ వైరస్ అన్నదానికంటే ఊపిరి ఎలా ఆడుతోందన్నదే ముఖ్యం. ఆక్సీమీటర్ ఉంటే ఐదు నిమిషాలు కూర్చుని, గోళ్ళరంగు లేని వెచ్చని వేలికి పెట్టి, అంకె నిలకడగా ఆగేదాకా చూడండి. 94 కిందికి దిగినా, అంకె బాగానే ఉండి ఆయాసం వస్తున్నా, రేపల్లెకో తెనాలికో ఆసుపత్రికి బయల్దేరాలి. కదల్లేని స్థితైతే 108కి ఫోన్ చేయాలి. కోవిడ్‌లో మొదటి నాలుగు రోజులూ తేలిగ్గా గడిచి రెండో వారం దగ్గరపడ్డాక ముదిరినవాళ్ళున్నారు.

ఇక పడిశానికి అడిగి వేయించుకునే ‘పవర్‌ఫుల్’ ఇంజెక్షన్ల, అంటే యాంటీబయాటిక్, స్టెరాయిడ్‌ల సంగతి. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయదు. స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగుల ప్రాణాలు కాపాడుతుందని 2020లోనే తేలింది. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్ళకి దానివల్ల మేలు కనబడలేదు. పైగా షుగరు పెంచుతుంది. మొదటి రోజే వేయమని ఆర్‌ఎంపీని అడగకండి, ఆయన వేస్తానన్నా వద్దనండి.