పాటకూ ఒక చిరునామా

పిల్లలూ! మీ ఇంట్లో సెల్‌ఫోనులోనో, పెన్‌డ్రైవులోనో పాటలుంటాయి గదా! ఎప్పుడైనా వాటి పేర్ల పట్టిక చూశారా? కొన్నిటికి చక్కని పేర్లుంటాయి. కొన్నిటికి మాత్రం ‘ట్రాక్ 01’, ‘ట్రాక్ 02’ అని ఉంటుంది. ఏ సినిమాలోదో, ఎవరు పాడారో తెలియదు. “వింటే తెలుస్తుంది గదా, పేరెందుకు?” అని మీరనవచ్చు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. దానివల్ల ఏం పోగొట్టుకున్నానో ముందు చెబుతాను.

మా అమ్మ మంగళహారతులు బాగా పాడేది. 1988లో ఆమె పాడిన ఆరు పాటలను క్యాసెట్టులో రికార్డు చేశాం. చాలా ఏళ్ల తరువాత వాటిని సీడీగా మార్పించి, కంప్యూటరులోకి ఎక్కించాను. ఒకనాడు సినిమా పాటల సీడీ ఒకటి దొరికితే, ఆ పాటల్ని కూడా ఒక్కొక్కటిగా అదే ఫోల్డరులోకి చేర్చసాగాను. “ఇదే పేరుతో మరో ఫైలు ఉంది. దాని స్థానంలో దీన్ని పెట్టమంటారా?” అని కంప్యూటరు అడిగింది. సరిగ్గా చదవకుండానే ‘అవును’ నొక్కాను. రెండోసారి అడిగినప్పుడు గాని తెలివి రాలేదు. అప్పటికే అమ్మ పాడిన మొదటి పాట చెరిగిపోయి, దాని చోట సినిమా పాట కూర్చుంది! సీడీ గీతలు పడి ఉంది. క్యాసెట్టుకు బూజు పట్టింది. ఆ పాట ఇక దొరకలేదు.

తప్పు కంప్యూటరుది కాదు. ఒకే ఫోల్డరులో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండలేవు. అమ్మ పాట పేరూ ‘ట్రాక్ 01’, సినిమా పాట పేరూ ‘ట్రాక్ 01’. పేరు పెట్టని తప్పు నాది.

అసలీ ‘ట్రాక్’ ఎక్కడిది? పాటల సీడీలు 1982లో అంగళ్లకు వచ్చాయి. సాధారణంగా వాటి మీద పాటల ధ్వని, పాటల వరుస సంఖ్య, అవి మొదలయ్యే చోటు మాత్రమే ఉండేవి. పాట పేరు అట్ట మీద ముద్రించేవారు. అట్టను కంప్యూటరు చదవలేదు గదా! అందుకని వరుస సంఖ్యనే పేరుగా పెట్టేది.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి 1996లో ఎరిక్ కెంప్ అనే ఆయన ఒక చిన్న ఉపాయం పన్నాడు. ఎంపీ3 ఫైలు చివర 128 బైట్ల చీటీ ఒకటి తగిలించాడు. దాని పేరు ఐడీ3 ట్యాగు. లెక్క చూడండి: గుర్తుకు 3 బైట్లు, పాట పేరుకు 30, పాడినవారికి 30, ఆల్బముకు 30, సంవత్సరానికి 4, వ్యాఖ్యకు 30, పాట రకానికి 1. మొత్తం 128 అయిందా? ఫైలు పేరు డబ్బా మీద అంటించిన చీటీ అయితే, ట్యాగు డబ్బా లోపల పెట్టిన చీటీ అన్నమాట. పై చీటీ ఊడినా లోపలిది ఉంటుంది.

అయితే 30 బైట్లు మన తెలుగుకు చాలవు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతుంది. యూనికోడులో బాగా వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు విడివిడిగా మూడేసి బైట్లు కావాలి. ‘ఘంటసాల వెంకటేశ్వరరావు’ అని రాయడానికి 61 బైట్లు పడతాయి! 1998లో వచ్చిన రెండో రకం ట్యాగు ఈ ఇబ్బందిని తీర్చింది. అది ఫైలు మొదట్లో ఉంటుంది, దాని గదులు అవసరాన్ని బట్టి పెరుగుతాయి, యూనికోడుతో తెలుగూ రాసుకోవచ్చు.

వందల పాటలకు చేత్తో పేర్లు రాయాలంటే విసుగే. అందుకే ఎంపీ3ట్యాగ్, మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ వంటి సాఫ్ట్‌వేర్లున్నాయి. ట్యాగులో ఉన్న సంవత్సరం, సినిమా, వరుస సంఖ్య, పాట పేరు తీసుకుని ఫైళ్లన్నిటికీ ఒకే పద్ధతిలో పేర్లు మార్చేస్తాయి. పికార్డ్ అయితే ధ్వని తీరును బట్టి పాటకు ఒక ‘వేలిముద్ర’ కట్టి, దాన్ని పెద్ద పట్టికతో పోల్చి, పాటను గుర్తుపడుతుంది కూడా.

కాని సాఫ్ట్‌వేరుకు నిజమేదో అబద్ధమేదో తెలియదు. పాత పాట కనబడితే చాలు, ‘ఘంటసాల’ అని రాసేవారున్నారు. ‘మిస్సమ్మ’ (1955)లో రామారావుగారికి పాడినది ఏ.ఎం.రాజా. తప్పు రాస్తే ఆ తప్పే పదిమందికీ పాకుతుంది. ఒకచోట ‘పి.సుశీల’ అనీ, మరోచోట ‘సుశీల పి.’ అనీ రాస్తే కంప్యూటరు ఇద్దరు గాయనులనుకుంటుంది. మరొక సంగతి: చాలా పరికరాలు అక్షరం తరువాత అక్షరం పోల్చి వరుస పెడతాయి. అందువల్ల 10 ముందు, 2 తరువాత వస్తాయి. 02 అని రాస్తే ఈ చిక్కు ఉండదు.

ఇదేమీ కొత్త విద్య కాదు. మా ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో వందలాది శాసనాలున్నాయి. శక సంవత్సరం, దాత పేరు, ఇచ్చిన దానం వాటిలో కనబడతాయి. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. అంటే శక 1000లో వెలిగించిన అఖండ దీపం సంగతి 1078 నాటిదని ఈనాడు మనం చెప్పగలం. తిరుమలలో అన్నమాచార్యుల కీర్తనలు చెక్కిన రాగిరేకులు దొరికాయి. ప్రతి పాట మీదా రాగం పేరుంది. కాని ఆయన పాడిన వరుసను రాయలేదు. అందుకే ఈనాడు చాలా కీర్తనలకు కొత్తగా బాణీలు కట్టవలసి వచ్చింది. రాసింది మిగిలింది, రాయనిది పోయింది!

అమ్మవి మిగిలిన అయిదు పాటలకు నేను ట్యాగులు రాయడానికి కూర్చున్నాను. ఏ సాఫ్ట్‌వేరూ వాటిని గుర్తుపట్టలేదు. ఏ పట్టికలోనూ అవి లేవు మరి! వెనుక హార్మోనియం వాయించింది మా నాన్నగారనుకుని అలాగే రాశాను. అనుమానం వచ్చి మా మేనమామకు ఫోనులో వినిపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఒరే అబ్బాయ్, ఆ పెట్టె వాయించింది మీ నాన్న కాదురా, నేనే! మూడో పాటలో ఒక మెట్టు పలకదు, చూడు,” అన్నారు. విన్నాను. నిజమే! ట్యాగులో మామయ్య పేరు రాసి, వ్యాఖ్య గదిలో మూగమెట్టు సంగతి కూడా చేర్చాను. ఆయన వయస్సు ఎనభై దాటింది. ఆ సంగతి చెప్పగలవారు ఇంకెవరూ లేరు.

మీరూ ఈ పని చేసి చూడండి. తాతయ్య చెప్పిన కథో, అమ్మమ్మ పాడిన జోలపాటో రికార్డు చేయండి. ముందు ఇంకోచోట నకలు ఉంచుకోండి. పాట పేరు, పాడినవారు, ఊరు, తేదీ ట్యాగులో రాయండి. తెలియనిది ఊహించి రాయకండి, పెద్దల్ని అడగండి. సినిమా పాట పేరు రేపైనా దొరుకుతుంది. మీ అమ్మమ్మ పాటకు పేరు రాయవలసింది మాత్రం మీరే!