అక్కచెల్లెళ్ల సంతకం లేని ఇల్లు కొనవచ్చునా?

సామాన్య కుటుంబం ఇల్లు కొనడమంటే ఇరవై, ముప్పై ఏళ్ల పొదుపును ఒక్క దస్తావేజుపై పెట్టడమే. గల్ఫ్ ఎండలో చెమటోడ్చి పంపిన డబ్బు, ఇల్లాలి నగలు, అన్నదమ్ములు ఇచ్చిన చేబదులు అన్నీ అందులోనే ఉంటాయి. మదర్సాలో ఫరాయిజ్, అంటే వారసత్వ వాటాల శాస్త్రం బోధించే మా వద్దకు లెక్క వేయించుకోవడానికి వారసులే కాదు, ఇల్లు కొనబోయేవారూ వస్తుంటారు. ఇది సంతోషించవలసిన విషయం. ముస్లిం కుటుంబం అమ్మే ఇంటి యాజమాన్యం సగం రిజిస్ట్రేషన్ కార్యాలయపు రికార్డులలో ఉంటే, మిగతా సగం ఫరాయిజ్ లెక్కలో ఉంటుంది.

మరొక మాట. వడ్డీకి దూరంగా ఉండాలనే సంకల్పంతో మనలో చాలామంది బ్యాంకు రుణం తీసుకోరు. రుణం ఇచ్చే బ్యాంకు తన న్యాయవాదిచేత పత్రాలను పరిశీలింపజేస్తుంది. రుణం వద్దనుకున్నవారికి ఆ పాటి వడపోత కూడా ఉండదు. అందుచేత సొంతంగా ఒక న్యాయవాదిని పెట్టుకుని, పాత పత్రాలన్నీ చూపించి, వ్రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోవడం వారికి మరింత అవసరం. తరచుగా ఎదురయ్యే ప్రశ్నలను, వాటి సమాధానాలను ఇక్కడ పొందుపరుస్తున్నాము.

బయానా ఇచ్చి అగ్రిమెంటు వ్రాసుకుంటే ఇల్లు మనదవుతుందా?

కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం 100 రూపాయలు, ఆపై విలువగల స్థిరాస్తి విక్రయం రిజిస్టరైన దస్తావేజు ద్వారానే జరగాలి. అగ్రిమెంటు వలన లభించేది దస్తావేజు వ్రాసి ఇమ్మని అడిగే హక్కు మాత్రమే. నోటరీ ముద్ర వేసిన కాగితం యాజమాన్యాన్ని ఇవ్వదు. జీపీఏ ద్వారా జరిపే 'అమ్మకాలు' యాజమాన్యాన్ని బదలాయించవని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఎవరో ఇచ్చిన జీపీఏతో ఇల్లు చూపిస్తున్నవారి వద్ద కొనేముందు అసలు యజమానిని కలవాలి. ఆయన జీవించి ఉన్నారో లేదో, ఆ అధికారాన్ని రద్దు చేశారో లేదో తెలుసుకోవాలి.

బయానా చెక్కు ద్వారానో, బ్యాంకు ఖాతా ద్వారానో ఇవ్వండి. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకు మించిన అడ్వాన్సును నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది. దివ్యఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్ (బఖరా: 282) గడువుతో కూడిన అప్పుల వ్రాతకు, సాక్షులకు సంబంధించినదే. వ్రాతకోతలు అడగడం ఎదుటివారిపై అపనమ్మకం కాదని దీనినిబట్టి గ్రహించవచ్చు.

ఈసీలో ఏమీ కనిపించకపోతే నిశ్చింతగా ఉండవచ్చునా?

ఈసీ రిజిస్టరైన లావాదేవీలను మాత్రమే చూపుతుంది. నోటిమాటగా ఇచ్చిన హిబా, యజమాని మరణంతో వారసులకు సంక్రమించిన వాటాలు, దస్తావేజులు కుదువపెట్టి తీసుకున్న కొన్ని అప్పులు, కోర్టులో నడుస్తున్న వ్యాజ్యాలు అందులో కనిపించకపోవచ్చు. కనుక కనీసం 30 ఏళ్ల ఈసీతోపాటు లింకు డాక్యుమెంట్ల అసలు ప్రతులను కళ్లారా చూడాలి. జిరాక్సులు మాత్రమే చూపిస్తూ, అసలువి 'ఇంట్లో ఎక్కడో ఉన్నాయి' అంటే అక్కడే ఆగిపోవాలి. మునిసిపల్ పన్ను రసీదు, కరెంటు బిల్లు యాజమాన్యానికి రుజువులు కావు.

తండ్రి పేరిట ఉన్న ఇంటిని పెద్దకొడుకు అమ్మవచ్చునా?

తన వాటా మేరకే అమ్మగలడు. మనిషి మరణించిన క్షణం నుంచే అతని ఆస్తిలో వారసులందరికీ వారివారి వాటాలు ఏర్పడతాయి. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, చెల్లుబాటయ్యే వసీయత్ పోగా మిగిలినదంతా పంపకానికి వస్తుంది. ఉదాహరణకు తల్లిదండ్రులు ముందే మరణించిన ఒక వ్యక్తి, భార్యను, ఒక కుమారుణ్ణి, ఇద్దరు కుమార్తెలను విడిచి మరణించాడనుకుందాం. అప్పులు లేవు, ఇంటి ధర 64 లక్షలు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 8 లక్షలు. మిగిలిన 56 లక్షలలో కుమారునికి 28 లక్షలు, ఒక్కొక్క కుమార్తెకు 14 లక్షలు. కుమారుడొక్కడే సంతకం చేస్తే, 64 లక్షలు చెల్లించిన కొనుగోలుదారుకు దక్కేది 28 లక్షల విలువగల హక్కు మాత్రమే. మిగతాదానికి తల్లి, అక్కచెల్లెళ్లు కోర్టుకు వెళ్తే అతడు విభజన దావాలో ప్రతివాదిగా నిలబడవలసి వస్తుంది.

కనుక కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడగండి. బంధువులను, పొరుగువారిని విచారించండి. పెళ్లయి దూరప్రాంతాలకు వెళ్లిన కుమార్తెల పేర్లు కాగితాలలో తరచుగా జారిపోతుంటాయి.

'మా అక్కచెల్లెళ్లు వాటా వద్దన్నారు' అంటే సరిపోతుందా?

సరిపోదు. వద్దన్నది వారే అయితే రిజిస్ట్రార్ ముందుకు వచ్చి అమ్మకపు దస్తావేజుపై సంతకం చేయాలి, లేదా ముందుగా హక్కు విడుదల దస్తావేజును రిజిస్టరు చేయించాలి. తండ్రి జీవించి ఉండగానే కూతురిచేత వ్రాయించుకున్న 'వదులుబాటు' కాగితం సాధారణంగా చెల్లదు. అప్పటికి ఆమెకు వాటాయే ఏర్పడలేదు కదా! విదేశంలో ఉన్నవారు అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరింపజేసి అధికారపత్రం పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు వేయించాలి.

స్త్రీల వాటాను దివ్యఖుర్ఆన్ (నిసా: 7, 11) స్వయంగా నిర్ణయించింది. పుట్టిల్లు దూరమవుతుందనే భయంతో మౌనంగా ఉన్న సోదరి మౌనం అంగీకారం కాజాలదు. సిసలైన అంగీకారమైతే ఆమె వాటా సొమ్ము ఆమె చేతికి అందిన తరువాత, ఆమె తన ఇష్టంతో ఇచ్చుకోవాలి. కొనేవారు ప్రతి వారసునికీ, వారసురాలికీ వేర్వేరు చెక్కులు ఇస్తే అటు చట్టపరంగానూ, ఇటు ధర్మపరంగానూ మేలు.

వారసులలో మైనర్లు ఉంటే?

ముస్లిం లా ప్రకారం మైనరు ఆస్తికి సహజ సంరక్షకుడు తండ్రి. ఆయన లేకుంటే ఆయన వసీయత్‌లో నియమించిన వ్యక్తి, ఆ తరువాత తాత. తల్లిగాని, అన్నగాని, మేనమామగాని కోర్టు అనుమతి లేకుండా పిల్లల వాటాను అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. 1890 నాటి సంరక్షకుల చట్టం కింద జిల్లా కోర్టు అనుమతి పొందాలి. 'పిల్లలు పెద్దయ్యాక సంతకం పెట్టిస్తాము' అనే మాటపై డబ్బు చెల్లించరాదు. అనాథల సొమ్ము విషయంలో షరీఅత్ ఎంతటి హెచ్చరిక చేసిందో మన పాఠకులకు తెలియనిది కాదు.

హిబా, వసీయత్, మహర్ ద్వారా వచ్చిన ఇల్లు అయితే?

హిబాకు ప్రకటన, స్వీకారం, స్వాధీనం అనే మూడూ ఉండాలి. ఇవి ఉంటే రిజిస్ట్రేషన్ లేకున్నా హిబా చెల్లుతుందని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే కొనేవారికి రుజువు కావాలి గనుక మిగతా వారసులను కూడా అమ్మకపు దస్తావేజులో సమ్మతి తెలిపేవారిగా చేర్పించుకోవడం క్షేమం. ఒక కొడుకు పేరిట ఇల్లంతా వసీయత్ వ్రాసినా, తండ్రి మరణానంతరం మిగతా వారసులు ఒప్పుకుంటే తప్ప అది వారి వాటాలను తీసివేయదు. మహర్‌కు బదులుగా భార్యకు ఇల్లు ఇస్తే దానిని విక్రయంగా పరిగణిస్తారు. కనుక రిజిస్టరైన పత్రం అడగండి. చెల్లించని మహర్ మృతుని ఆస్తిపై అప్పుగా నిలుస్తుంది. దానికి బదులుగా ఇల్లు స్వాధీనంలో ఉంచుకున్న వితంతువును సొమ్ము చెల్లించకుండా ఖాళీ చేయించడం కుదరదు.

ఆ స్థలం వక్ఫ్‌దేమో ఎలా తెలుస్తుంది?

రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉన్నదేమో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోనో, ప్రభుత్వ వెబ్‌సైటులోనో చూడండి. వక్ఫ్, దేవాదాయ, ప్రభుత్వ భూములు అందులో ఉంటాయి. వక్ఫ్ బోర్డు గెజిట్‌ను కూడా సరిచూసుకోవాలి. వక్ఫ్‌ను సొంత ఆస్తిలా అమ్ముకునే అధికారం ముతవల్లీకి లేదు. పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డ్ భూముల బదలాయింపుపై 1977 నుంచి ప్రత్యేక చట్టం ఉన్నది.

కొత్త ఫ్లాటు అయితే?

500 చదరపు మీటర్లకు మించిన స్థలంలోగాని, 8కి మించిన ఫ్లాట్లతోగాని నిర్మించే ప్రాజెక్టు రెరాలో నమోదు కావాలి. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదు. ఇల్లు అప్పగించిన 5 ఏళ్లలోగా నిర్మాణ లోపాలు బయటపడితే ఉచితంగా సరిచేయవలసిన బాధ్యత అతనిదే.

రిజిస్ట్రేషన్ వేళ ఏమి గుర్తుంచుకోవాలి?

తెలుగు రాష్ట్రాలు రెండింటా స్టాంపు డ్యూటీ, బదలాయింపు సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి సాధారణంగా 7.5 శాతం వరకు అవుతుంది. ఇంటి ధర మాట్లాడుకునేటప్పుడే దీనిని లెక్కలో వేసుకోవాలి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి జమచేయడం కొనేవారి బాధ్యత. దస్తావేజుపై సంతకాలైన 4 నెలల్లోగా దానిని రిజిస్ట్రేషన్‌కు సమర్పించాలి. పన్ను తగ్గుతుందని దస్తావేజులో తక్కువ ధర వ్రాయించడం అబద్ధపు సాక్ష్యమే. రేపు వివాదం వస్తే కోర్టులో చూపగలిగిన ధర కూడా అదే. రిజిస్ట్రేషన్ తరువాత మ్యుటేషన్ చేయించడం మరువరాదు.

ఈ విచారణలన్నింటికీ కొన్ని వారాలు పట్టవచ్చు. మధ్యవర్తి తొందరపెట్టవచ్చు, 'మరొకరు కొనుక్కుపోతారు' అని భయపెట్టవచ్చు. అయినా తొందరపడకండి. అమ్మేవారి ఇంటికి వెళ్లినప్పుడు ముందుగా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: 'మీ తండ్రిగారికి సంతానం ఎంతమంది, ఆడపిల్లలెందరు?' సూటిగా జవాబు వస్తే పత్రాలు విప్పమనండి. రాకపోతే బయానా డబ్బు మీ వద్దనే ఉండనివ్వండి.