గాయపడిన గుడ్లగూబను ఏం చేయాలి?

వరికోతల రోజుల్లో ఊళ్లు తిరుగుతుంటే మమ్మల్ని కూలీలు అడిగేవి కూలిరేట్లు, బకాయిల సంగతులే. ఈమధ్య ఇంకో ప్రశ్న వచ్చింది: "గట్టుమీద గుడ్లగూబ రెక్క వాల్చుకొని పడుంది అన్నా, కాకులు పొడుస్తున్నాయి. ముట్టుకుంటే అరిష్టమంటారు, ఇంటికి తెస్తే కేసంటారు. ఏం చేయమంటావు?"

ఇది చిన్న ప్రశ్న కాదు. ఎలుక కొరికేసిన ప్రతి వరిదుబ్బూ రైతుకు నష్టమే, కౌలురైతుకు మరీ నష్టం. యానాదులు బుట్టలు పెట్టి ఎలుకలు పట్టినట్టే, తాటితొర్రల్లో, పాడుబడ్డ గోడల్లో కాపురముండే తెల్ల గుడ్లగూబ రాత్రిపూట చేలమీద తిరిగి ఎలుకలు పడుతుంది. కూలి అడగని కాపలాదారు అది. దాన్ని చావుపిట్ట అని రాళ్లతో కొడుతున్నాం. దీపావళి వస్తే క్షుద్రపూజల కోసం దాన్ని అమ్ముకునే దళారులూ దేశంలో ఉన్నారు.

దాని కూతకూ మనిషి చావుకూ ఏ సంబంధమూ లేదు. ఇక కేసు సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని పట్టడం, చంపడం, అమ్మడం నేరమంటుంది. దెబ్బతిన్నదాన్ని కాపాడి వెంటనే అటవీశాఖకు కబురుచేసి అప్పగించడం వేరు, ఇంట్లో దాచి పెంచుకోవడం వేరు.

ముందు దూరం నుంచి చూడాలి. తెల్లనూగుతో ఉన్న పిల్ల దెబ్బలేమీ లేకుండా కిందపడితే, తొర్ర అందితే అందులోనే పెట్టాలి. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరకు రానీయదన్నది ఉత్తమాట. రెక్క వేలాడుతున్నా, రక్తం కారుతున్నా, లేవలేకపోతున్నా అప్పుడు పట్టుకోవాలి.

ముక్కు కన్నా గోళ్లే ప్రమాదం. తువ్వాలు మీద కప్పి, రెక్కలు ఒంటికి ఆనేలా వెనక నుంచి ఎత్తాలి. గాలి ఆడేందుకు బొక్కలు పెట్టిన అట్టపెట్టెలో పాతగుడ్డ పరిచి ఉంచి, మూత వేసి, పిల్లలూ కుక్కలూ పోని నీడలో పెట్టాలి. చీకటి, నిశ్శబ్దమే దానికి మొదటి మందు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో కాసేపు మెల్లగా అదిమితే చాలు.

మనవాళ్లు ప్రేమకొద్దీ చేసే పనులే దాన్ని చంపుతాయి. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు, అన్నం పెట్టొద్దు, అది మాంసం తినే పిట్ట. పసుపూ నూనే రాయొద్దు, ఈకలు అంటుకుపోయి ఎగరలేదు. రెక్కకు పుల్లలు కట్టొద్దు, ఆ పని పశువైద్యుడిది.

ఒకేచోట చాలా పక్షులు చచ్చిపడి ఉంటే మాత్రం అసలు ముట్టుకోవద్దు, పశుసంవర్ధకశాఖకు చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చింది మరచిపోకూడదు. ఏ పిట్టను పట్టినా తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఇంతవరకూ కూలీ చేయగలడు. ఆ తర్వాత? పెద్ద జంతుప్రదర్శనశాలలు హైదరాబాదులో, విశాఖలో, తిరుపతిలో ఉన్నాయి. పెట్టె పట్టుకొని అంతదూరం పోతే ఒకరోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు అదనం. ఆ భారం కూలీ నెత్తిన పెట్టడం న్యాయం కాదు. దగ్గరి పశువుల ఆసుపత్రే ఆ పక్షిని తీసుకొని చికిత్స మొదలుపెట్టాలి. అటవీ సిబ్బంది ఫోను నంబరు ప్రతి పంచాయతీ గోడమీదా రాయించాలి. వచ్చే గ్రామసభలో ఇది అడుగుదాం.