చలికాలం, ఇల్లు, ఒక్కచోటి వెచ్చదనం

మహారాష్ట్ర ఆగ్నేయపు కొసన, గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో, ఛత్తీస్‌గఢ్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న గ్రామం పాతగూడెం. తాలూకాకు పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి ప్రవహిస్తాయి. గోదావరికి ఆవలి ఒడ్డున తెలంగాణలోని కాళేశ్వర క్షేత్రం ఉంది. ఈ నేల 1860లో నిజాం ప్రభుత్వం నుంచి బ్రిటిష్ వారి చేతికి వెళ్లింది. 1956లో బొంబాయి రాష్ట్రంలో, 1960లో మహారాష్ట్రలో చేరింది. 1982లో చంద్రపూర్ జిల్లా నుంచి విడివడిన గడ్చిరోలి జిల్లాలో భాగమైంది. పాలన ఇన్నిమార్లు చేతులు మారినా ఇక్కడి ఎన్నో ఇళ్లలో మాట తెలుగులోనే సాగుతున్నది. బడిలో మరాఠీ, అడవి పల్లెల్లో గోండీ, పొయ్యి దగ్గర తెలుగు అన్నది ఈ ప్రాంతపు పిల్లలకు కొత్త కాదు.

ఇటువంటి పల్లెల నుంచి చదువు కోసం, కూలి కోసం, ఉద్యోగం కోసం నగరాలకు చేరిన కుటుంబాలు తమతో పాత్రలను, పచ్చళ్లను, పండుగలను తెచ్చుకున్నాయి. చలికాలపు అలవాట్లు కూడా వాటి వెంటే వచ్చాయి. ఆ అలవాట్లలో ఏది నగరపు గదిలో ఇముడుతుందో, ఏది ప్రాణాంతకమవుతుందో తెలిసి ఉండటం ప్రతి ఇంటికీ అవసరం.

చలి అంత గట్టిగా ఎందుకుంటుంది

వానకాలం ముగిశాక ఆకాశం నిర్మలమవుతుంది. పగలంతా ఎండకు కాగిన నేల రాత్రివేళ ఆ వేడిని పైకి విడిచిపెడుతుంది. మబ్బు ఉంటే ఆ వేడిలో కొంత తిరిగి నేలకు చేరుతుంది. మబ్బు లేనప్పుడు అడ్డే ఉండదు. చల్లబడిన గాలి బరువెక్కి పల్లపు చోట్లకు, నదీ తీరాలకు జారుతుంది. అందువల్లనే మధ్యాహ్నం చొక్కా చాలనిపించే ఊళ్లో తెల్లవారుజామున దుప్పటి వదలబుద్ధి కాదు. ఏటి మీద మంచు తెరలా నిలుస్తుంది. మాఘమాసపు చలికి చెట్లు సైతం వణుకుతాయని, శివరాత్రితో ఆ చలి సెలవు తీసుకుంటుందని పెద్దల మాట.

నగరంలో సిమెంటు గోడలు పగటి వేడిని కొంతసేపు దాచుకుంటాయి కాబట్టి చలి కొంత తక్కువ. అయితే రేకుల కప్పు ఉన్న గదుల సంగతి వేరు. పలుచని రేకు ఎంత వేగంగా కాగుతుందో అంత వేగంగా చల్లారుతుంది. కొత్తగా నగరానికి వచ్చిన కుటుంబాలు ఎక్కువగా అద్దెకు తీసుకునేవి అటువంటి గదులే కావడం వల్ల చలి దెబ్బ ముందుగా వారికే తగులుతుంది.

పొయ్యి చుట్టూ కూడిన ఇల్లు

పల్లెటూరి ఇంట్లో చలికాలపు సాయంత్రం వెచ్చగా ఉండే చోటు ఒక్కటే ఉంటుంది. అది కట్టెల పొయ్యి కావచ్చు, వాకిట్లో వేసిన చలిమంట కావచ్చు. ఇంటిల్లిపాదీ అక్కడికి చేరక తప్పదు. అవ్వ పీట వేసుకుని కూర్చుంటుంది. చిన్నపిల్ల ఆమె ఒడిలో చేరుతుంది. పొలం నుంచి వచ్చినవారు అరచేతులు చాపి మంట కాగుతారు. పని లేని ఆ గంటలో మాట పుడుతుంది. పొడుపుకథ విప్పలేని పిల్లవాడిని అందరూ ఆట పట్టిస్తారు. ధాన్యం ధర, పెళ్లి సంబంధం, చుట్టాల యోగక్షేమాలు అక్కడే చర్చకు వస్తాయి. చలి అందరినీ ఒక్కచోటికి చేర్చడమే చలికాలపు అసలు సుఖం.

వేడివేడిగా తినేవి

ఈ కాలపు వంటలకు పొలమే మూలం. వానకాలపు వరి కోతలయ్యాక కొత్త బియ్యం ఇంటికి వస్తుంది. పుష్యమాసం నాటికి కందులు కోతకు వస్తాయి. పందిరి మీద చిక్కుడు విరగకాస్తుంది; పొలం గట్ల మీద రేగుపండ్లు రాలుతాయి. ఉడికించి తాలింపు వేసిన అనప గింజల గుడాలు, ఉలవల చారు, వేడి జొన్నరొట్టె, మిరపకాయ పచ్చడి ఈ కాలానికి తగిన తిండ్లు. ఉలవలు, నువ్వులు ఒంటికి వేడి చేస్తాయని పెద్దల నమ్మకం. నువ్వుల్లో నూనె పాలు ఎక్కువ కనుక కొద్దిగా తిన్నా బలం చాలినంత అందుతుంది. సున్నం, ఇనుము కూడా లభిస్తాయి.

గోదావరికి ఇరువైపులా ఇష్టంగా చేసుకునే సర్వపిండిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కొన్ని చోట్ల దీనిని సర్వప్ప అని, గిన్నెప్ప అని అంటారు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కరివేపాకు, కారం, ఉప్పు వేసి గట్టి ముద్దగా కలుపుతారు. నూనె రాసిన లోతైన గిన్నె అడుగున దానిని పలుచగా వత్తి, వేలితో అక్కడక్కడ గుంటలు చేసి, వాటిలో నూనె చుక్కలు వేస్తారు. మూత పెట్టి సన్నని సెగ మీద ఉంచితే అడుగు కరకరలాడుతుంది, పైభాగం ఆవిరికి మెత్తబడుతుంది. ఒకటి దిగాక గిన్నె చల్లారితే గాని రెండవది వత్తడం కుదరదు. కాబట్టి సర్వపిండి ఒక్కొక్కటే తయారవుతుంది. దిగినదాన్ని ముక్కలు చేసి పంచుకుంటూ, రాబోయే దాని కోసం అందరూ అక్కడే కూర్చుంటారు. ఒకరు తొందరపడి తిని వెళ్లిపోయే వంటకం కాదది.

సంక్రాంతి దగ్గరపడగానే సకినాల పని మొదలవుతుంది. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, పరచిన బట్ట మీద చేతివేళ్లతో చుట్లు చుట్లుగా తిప్పుతారు. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు గనుక ఇరుగుపొరుగు ఆడవారు ఒకరి ఇంట ఒకరు సాయం కూర్చుంటారు. అదే పండుగకు మరాఠీ ఇళ్లలో నువ్వులు, బెల్లం కలిపిన ఉండలు పంచి, తీయగా మాట్లాడమని కోరుకుంటారు. సరిహద్దు పల్లెల వారికి ఈ రెండు రుచులూ తెలిసినవే. నగరంలో పక్కింటి వారికి సకినాలు ఇచ్చి నువ్వుల ఉండలు పుచ్చుకోవడం కొత్త స్నేహానికి మంచి ఆరంభం.

మూసిన గదిలో నిప్పు పెట్టరాదు

ఊరి అలవాటు కొద్దీ కొందరు నగరపు గదిలోనూ కుంపటి పెట్టుకుంటారు. పల్లెలో పెంకుల సందుల నుంచి, గోడ పైభాగపు ఖాళీల నుంచి గాలి ఆడుతూ ఉంటుంది. నగరపు గదికి గట్టి కప్పు, బిగుతైన తలుపు, మూసిన కిటికీ ఉంటాయి. ఊళ్లో కళ్లు మండించి ఊరుకున్న నిప్పే ఇక్కడ ప్రాణం తీయగలదు.

బొగ్గులు, కట్టెలు సరిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. తలనొప్పి, తలతిప్పు, వాంతి, మగత దాని లక్షణాలు. నిద్రలో ఉన్నవారికి ఆ లక్షణాలు తెలియకముందే స్పృహ తప్పవచ్చు. పొగ ఆగి ఎర్రగా కణకణలాడే బొగ్గుల వల్ల భయం లేదనుకోవడం పెద్ద పొరపాటు. పొగ కనిపించకున్నా విషవాయువు వస్తూనే ఉంటుంది. గాలి ఆడని స్నానాల గదిలోని గ్యాస్ గీజరు వల్ల కూడా ఇదే ప్రమాదం కలుగుతుంది.

కాబట్టి పడుకునే గదిలో కుంపటి, బొగ్గుల పెనం, వెలిగించిన గ్యాస్ పొయ్యి ఉంచరాదు. ఎవరికైనా పై లక్షణాలు కనిపిస్తే తలుపులు, కిటికీలు తెరచి, వారిని వెంటనే ఆరుబయటి గాలిలోకి తీసుకువెళ్లి, 108కి గాని 112కి గాని ఫోన్ చేయాలి. వీధిలో చలిమంట కోసం ప్లాస్టిక్, టైర్లు, చెత్త కాల్చడం కూడా తగదు. ఆ పొగ ముందుగా పసిపిల్లల, ఉబ్బస రోగుల ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. బహిరంగ స్థలాల్లో చెత్త కాల్చడాన్ని ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు నిషేధించాయి.

నిప్పు లేకున్నా కూడిక ఉండవచ్చు

గది వెచ్చగా ఉండటానికి ఖర్చులేని మార్గాలు కొన్ని ఉన్నాయి. పగటి ఎండను లోపలికి రానిచ్చి, పొద్దు వాలగానే కిటికీకి మందపాటి తెర దించాలి. అయితే గాలి ఆడేందుకు కొంత సందు విడవాలి. చాప కింద అట్టలు పరిస్తే నేల చలి ఒంటికి తగలదు. ఒక మందపు దుప్పటి కంటే రెండు పలుచని దుప్పట్లు ఒకదానిపై ఒకటి కప్పుకోవడం మేలు. వాటి నడుమ నిలిచిన గాలి వేడిని కాపాడుతుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది గనుక పెద్దవారు తెల్లవారుజామున చన్నీటి స్నానం మానుకోవాలి. మందులు వేళకు వేసుకోవాలి. తల నుంచి వేడి త్వరగా పోతుంది కాబట్టి పసిపిల్లలను బయటికి తీసుకువెళ్లేటప్పుడు తలకు టోపీ పెట్టాలి.

ఇక మిగిలింది కూడిక. నగరంలో తండ్రి పని వేళ ఒకటి, తల్లి వేళ ఒకటి, పిల్లల బడి వేళ మరొకటి. గ్యాస్ పొయ్యి చుట్టూ కూర్చునే చోటు లేదు. ఊళ్లో చలి చేసిన పనిని ఇక్కడ కుటుంబమే పూనుకుని చేయాలి. వారానికి ఒక్క సాయంత్రమైనా సర్వపిండి గిన్నె పొయ్యి మీదికెక్కాలి. పల్లీలు ఒలిచే పని పిల్లలకు, ఉల్లికాడలు తరిగే పని తండ్రికి, పాలు ఇంత, ఉప్పు ఇంత అని చెప్పే పని అవ్వకు అప్పగించవచ్చు. ఊళ్లో ఉన్న అమ్మమ్మ ఫోన్‌లో పొడుపుకథ వేస్తే నగరంలోని మనవరాలు జవాబు చెప్పవచ్చు.

బడిలో తెలుగు లేని పిల్లలకు ఇంటి మాటే తెలుగు బడి. గుడాలు, సర్వ, సెగ, తాలింపు, రేగుపండు వంటి మాటలు పాఠ్యపుస్తకం నుంచి రావు; చేతిలో వేడి ముక్క పెట్టుకుని వింటేనే వస్తాయి. రెండు తరాలు అటువంటి సాయంత్రాలు లేకుండా గడిస్తే వంటతో పాటు దాని పేరు కూడా ఇంట్లో వినబడకుండా పోతుంది. ఈ చలికాలంలో కుంపటిని గది బయటే ఉంచి, పీటలు మాత్రం లోపల దగ్గరదగ్గరగా వేసుకుంటే చాలు.