కాలం కూడా అమానతే: ఫోన్ నొక్కుడు అలవాటు నుంచి బయటపడే దారి



మీరిచ్చే జకాత్, సదఖాలతో పేద విద్యార్థికి ఫీజు కట్టవచ్చు, పుస్తకాలు కొనవచ్చు. ఆ పుస్తకం ముందు గంటసేపు కూర్చోవడానికి కావలసిన కుదురును మాత్రం కొనివ్వలేం. ఈ రోజున ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా, కొల్లేటి లంకల్లోనైనా ఆ కుదురును తినేస్తున్నది చేతిలోని ఫోను. రీల్స్, షార్ట్స్, స్టేటస్‌లు ఒకదాని వెంట ఒకటి చూస్తూ పోయే అలవాటు పిల్లలకే పరిమితం కాలేదు. షాపు కౌంటరు దగ్గర పెద్దలకు ఉంది, చేపల చెరువు గట్టు మీద రాత్రి కాపలా కాసే కుర్రవాడికీ ఉంది.

రోజుకు 2 గంటలు ఇలా పోయాయనుకుందాం. ఏడాదికి 730 గంటలు. అంటే 30 పగళ్లు, 30 రాత్రులు; నిండు రంజాన్ నెలంత కాలం. 'అల్ అస్ర్' సూరాలో అల్లాహ్ కాలం మీద ప్రమాణం చేసి మానవుడి నష్టాన్ని గురించి చెప్పాడు. ఆరోగ్యం, తీరిక అనే రెండు అనుగ్రహాల విషయంలో చాలామంది మోసపోతారని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది.

ఎందుకు ఆపలేకపోతున్నాం?

పత్రికకు చివరి పేజీ ఉంటుంది. ఫోనులో చూసేదానికి చివర లేదు. పూర్వం వెబ్ పేజీ అడుగుకు వచ్చాక తరువాతి పేజీ కోసం మళ్లీ నొక్కాల్సి వచ్చేది; అక్కడ మనసు ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగే చోటును తీసేసి, తోసినకొద్దీ వస్తూనే ఉండే పద్ధతిని 2006లో అజా రాస్కిన్ అనే అమెరికన్ డిజైనర్ రూపొందించాడు. దాని ఫలితం చూసి తరువాత ఆయనే బహిరంగంగా విచారం వ్యక్తం చేశాడు.

రెండో కారణం ఆశ. మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో ప్రయోగాలు చేశాడు. ఏ పొడుపుకు గింజ పడుతుందో తెలియనప్పుడు పావురం విడవకుండా పొడుస్తూనే ఉండేది. పది వీడియోల్లో ఒకటే నచ్చుతుంది, అది ఎన్నోదో తెలియదు. అందుకే వేలు ఆగదు. కాబట్టి పిల్లవాణ్ని బద్ధకస్తుడని తిట్టడం వల్ల ప్రయోజనం తక్కువ.

నిషేధంతో తీరిందా?

2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో మొదలయ్యాయి. ఒక యాప్ పోయింది, అలవాటు మాత్రం అలాగే ఉంది. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేటికి వస్తుంటే నీటిని తిట్టుకుంటూ కూర్చోం. గట్టు, తూము చూసుకుంటాం. ఇక్కడా అదే పని చేయాలి.

గట్టు ఎలా వేయాలి?

ముందు లెక్క చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ అని ఉంటాయి. ఏ యాప్‌లో ఎంతసేపు గడిపారో అవే చెబుతాయి. ఒక వారం కేవలం గమనించండి. చెయ్యి ఏ వేళ ఫోను మీదికి పోతోందో తెలుస్తుంది: పడుకునే ముందా, లేవగానేనా, చదువు మధ్యలోనా.

తరువాత అడ్డు పెట్టండి. కాల్స్, అవసరమైన మెసేజీలు తప్ప మిగతా నోటిఫికేషన్లు ఆపేయండి. ఎక్కువ కాలం తినే యాప్‌ను ఫోను నుంచి తీసేయండి. కావాలంటే బ్రౌజరులో చూడవచ్చు, ఆ శ్రమే ఒక గట్టు. ఛార్జరును పడకగది నుంచి ముందు గదిలోకి మార్చండి. ఫజ్ర్‌కు లేవడానికి అలారం కావాలి కదా అంటారు. దానికి చిన్న అలారం గడియారం చాలు.

ఆపైన ఖాళీని నింపండి. ఫోను లాక్కుని ఊరుకుంటే పిల్లవాడు మరొకరి ఫోను చూస్తాడు. మగ్రిబ్ నుంచి ఇషా వరకు ఇంట్లో అందరి ఫోన్లూ ఒకే చోట పెట్టి ఖుర్ఆన్ పారాయణం, హోంవర్కు, కబుర్లు పెట్టుకోండి. అందరివీ అంటే తండ్రిది కూడా. రోజుకు ఐదుసార్లు చేతిలో పని ఆపి లేచే సమాజం మనది. ఆపడం మనకు కొత్త కాదు.

రెండు రోజులు తప్పితే నిరాశ పడవద్దు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 రోజులని అంచనా వేశారు. కనుక రంజాన్‌లో మొదలుపెట్టినది షవ్వాల్‌లో విడిచిపెట్టకూడదు. నిద్ర, చదువు, తిండి పాడై, ఫోను తీసుకుంటే తట్టుకోలేని స్థితి ఉంటే దాచుకోకండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోనులో ఉన్న మంచి ఉపయోగం ఇదీ ఒకటి.

దాతలకు ఒక మనవి

కాలానికి జకాత్ విధి కాలేదు. అయినా లెక్క వేసి చూడండి. 24 గంటల్లో రెండున్నర శాతం అంటే సరిగ్గా 36 నిమిషాలు. మీ ఫోను చూపే లెక్కలో అంతకంటే ఎక్కువే దొరుకుతుంది. ఆ 36 నిమిషాల్లో వీధిలోని ఒక పిల్లవాడికి ఎక్కాలు చెప్పించవచ్చు, ఇంటర్ చదివే అమ్మాయికి అకౌంట్స్ వివరించవచ్చు, మస్జిద్ పక్క గదిలో సాయంత్రం చదువుకునే పిల్లల దగ్గర ఊరికే కూర్చోవచ్చు. పెద్దవాళ్లు ఫోను జేబులో పెట్టుకుని పక్కన కూర్చుంటే పిల్లలు పుస్తకం తెరుస్తారు. మీ విరాళంతో పాటు ఈ కాలాన్ని కూడా ఇవ్వండి.

ఇచ్చిన కాలాన్ని అమానతుగా కాపాడుకునే సౌభాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.