కారు కళ్ళకు కాంతి కడియాలు

చీకటి పడే వేళ పెద్దరోడ్డు పక్కన నిలబడి, వచ్చే పోయే కార్ల దీపాలను ఎప్పుడైనా పరీక్షగా చూశారా? కొన్నిటి దీపాలు గుండ్రంగా ఉంటాయి. కొన్నిటివి పిల్లి కళ్ళలాగా సాగి ఉంటాయి. కొన్ని కార్లకు మటుకు దీపం చుట్టూ తెల్లగా మెరిసే కడియం ఉంటుంది. అలాటి కారు ఎదురుగా వస్తుంటే, కళ్ళు పెద్దవి చేసుకుని మనకేసే చూస్తున్నట్టుంటుంది.

ఆ కడియాలు కారుతో బాటు వచ్చినవైనా కావచ్చు, బజారులో కొని ఇంటి దగ్గర అమర్చుకున్నవైనా కావచ్చు. మా తమ్ముడు తన పాత కారుకు అలాగే అమర్చుకున్నాడు. దాని మూలంగా ఒక ముసలి తాత పాలన్నీ నేలపాలయ్యాయి. ఆ సంగతి చెప్పేముందు, అసలు కారుకు కళ్ళు ఎలా వచ్చాయో తెలుసుకుందాం.

మొదటి రోజుల్లో కార్లకు నూనె దీపాలూ, గ్యాసు దీపాలూ ఉండేవి. కాల్షియం కార్బైడు అనే రాతిముక్కల మీద నీటిచుక్కలు పడితే ఎసిటిలీన్ అనే వాయువు పుడుతుంది. దాన్ని అగ్గిపుల్లతో వెలిగించేవారు. చీకటి పడగానే కారు ఆపి, కిందికి దిగి, ఒక్కొక్క దీపమే వెలిగించుకోవాలి! 1912లో అమెరికాలోని కాడిలాక్ కంపెనీ తన కార్లకు విద్యుత్తుతోనే ఇంజను కదిలే ఏర్పాటూ, విద్యుద్దీపాలూ కలిపి అమర్చింది. అప్పటినించి మీట నొక్కితే వెలిగే దీపాలు వాడుకలోకి వచ్చాయి. 1962లో యూరప్‌లో హాలోజన్ బల్బు కారెక్కింది. బల్బులోని సన్నటి టంగ్‌స్టన్ తీగ కాలుతూ కొంచెం కొంచెంగా ఆవిరి అయిపోతుంది గదా. హాలోజన్ వాయువు ఆ ఆవిరిని గాజుకు మసిలా అంటుకోనివ్వక, తిరిగి తీగకే చేరుస్తుంది. అందుచేత వెలుగు మసకబారదు.

ఇక కడియాల సంగతి. 2000 సంవత్సరంలో జర్మనీలోని బి.ఎం.డబ్ల్యు. కంపెనీ తన ఐదో వరస కార్లకు కొత్త ముఖం పెట్టినప్పుడు, దీపాల చుట్టూ వెలిగే కడియాలు పెట్టింది. జనం వాటికి ముద్దుగా ‘దేవదూత కళ్ళు’ అని పేరు పెట్టారు. విచిత్రమేమిటంటే, ఆ మొదటి కడియాలలో అసలు దీపమే లేదు! ఎక్కడో వెనక దాగి ఉన్న చిన్న బల్బు వెలుగు, పారదర్శకమైన కడ్డీల గుండా ప్రయాణం చేసి, కడియంలోకి వచ్చేది.

వెలుగు తిన్నగా పోతుంది గదా, కడియంలో వంపు ఎలా తిరుగుతుందీ అని మీకు సందేహం రావాలి. వచ్చిందా? అయితే ఈ ప్రయోగం చేసి చూడండి.

తెల్లని ప్లాస్టిక్ సీసా ఒకటి తీసుకోండి. దాని అడుగుకు కొంచెం పైన, బాల్‌పెన్ను రీఫిల్ పట్టేంత చిల్లు ఒకటి పెద్దవాళ్ళ చేత చేయించండి. చిల్లును వేలితో మూసి సీసా నిండా నీళ్ళు పొయ్యండి. గది చీకటి చేసి, చిల్లుకు సరిగ్గా ఎదురువైపునించి టార్చిలైటు వెలుగు సీసాలోకి పంపి, వేలు తీసెయ్యండి. నీటిధార వంగి, కింద పెట్టిన పళ్ళెంలో పడుతుంది. ఆ ధార కింద వేలు పెడితే వేలి మీద వెలుగు పడుతుంది! ధారతో బాటు వెలుగు కూడా వంగి వచ్చిందన్నమాట.

జెనీవా నగరంలో ఉండిన కొలాడన్ అనే శాస్త్రజ్ఞుడు ఇటువంటి ప్రయోగమే చేసి, 1842లో దాన్ని గురించి రాశాడు. నిజానికి వెలుగు వంగలేదు. నీటిలో ప్రయాణం చేసే కిరణం నీటి అంచును బాగా ఏటవాలుగా తాకితే, బయటి గాలిలోకి పోలేక అద్దం మీద పడ్డట్టుగా మళ్ళీ లోపలికే తిరుగుతుంది. అవతలి అంచును తాకి మళ్ళీ తిరుగుతుంది. ఇలా ఇటూ అటూ గోడలకు కొట్టుకుంటూ ధార వెంట జారిపోతుంది. దీన్నే సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. కడియానికి వాడే ఆక్రిలిక్ ప్లాస్టిక్‌లో, అంచుకు నిలువుగా గీసిన గీతతో సుమారు 42 డిగ్రీల కన్న ఎక్కువ కోణం చేసే కిరణమేదీ బయటికి పోలేదు.

మరి వెలుగంతా లోపలే తిరిగితే కడియం మనకు కనిపించేదెలా? అందుకని కడియం వెనక సన్నటి గాట్లు పెడతారు. గాటు తగిలిన చోట కిరణం దారి తప్పి ముందుకు వచ్చేస్తుంది. వరసగా గాట్లున్నాయి గనక కడియమంతా వెలుగుతుంది.

ఇప్పుడు బజారులో దొరికే కడియాలు చాలావరకు ఎల్.ఇ.డి.లతో చేసినవి. ఎల్.ఇ.డి. అంటే కాలే తీగ లేని దీపం. అర్ధవాహకమనే పదార్థపు చిన్న పలుకు గుండా విద్యుత్తు ఒకే దిక్కుగా పోయినప్పుడు అది వెలుగుతుంది. తీగలు తారుమారుగా కలిపితే వెలగదు. 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ ఎర్రగా వెలిగే ఎల్.ఇ.డి. చేశాడు. నీలం వెలుగు కోసం శాస్త్రజ్ఞులు ఇంకా ముప్ఫై ఏళ్ళు తంటాలు పడవలసి వచ్చింది. నీలం ఎల్.ఇ.డి. మీద పసుపు వెలుగు ఇచ్చే పూత పూస్తే తెల్లని వెలుగు వస్తుంది. నీలం సాధించిన జపాన్ శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. కారు కడియంలో మెరిసేది ఆ బహుమతి పొందిన వెలుగే!

ఇప్పుడు మా తమ్ముడి కథకు వద్దాం.

వాడు రెండు చవక కడియాలు కొనుక్కొచ్చాడు. కారు హెడ్‌లైటు విప్పి, గాజులా కనిపించే దాని ప్లాస్టిక్ మూతను వేడిగాలితో మెత్తబరిచి ఊడదీశాడు. కడియాలు లోపల అతికించాడు. పాత బంకతోనే మూత తిరిగి నొక్కేశాడు. తీగలు తిన్నగా బాటరీకి కలిపేశాడు. కడియాలు వెలిగాయి. వీధిలో పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

రెండు నెలలు గడిచాయి. వానాకాలం వచ్చింది. ఒకనాటి తెల్లవారుజామున నేను రైలు దిగితే, వాడు కారు తెచ్చాడు. చెరువుగట్టు మీది రోడ్డున ఇంటికి పోతున్నాం. ఎదురుగా సైకిలు మీద ఒక ముసలి తాత, రెండు వైపులా పాలకాన్లు తగిలించుకుని వస్తున్నాడు. మమ్మల్ని చూడగానే ఆయన ఒక చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. ఒంటిచేత్తో సైకిలు ఊగింది. మరుక్షణం సైకిలూ, తాతా, పాలూ గట్టు దిగువన ఉన్నాయి!

మేము పరుగెత్తి ఆయనను లేవనెత్తాం. మోకాలు చీరుకుపోయింది గాని, ఎముకలు విరగలేదు.

“పెద్ద దీపం వెయ్యలేదు తాతా, కిందికి పడే దీపమే వేశాను,” అన్నాడు తమ్ముడు, ఏడుపు మొహం పెట్టి.

“కిందికో పైకో నాకేం తెలుసు, బాబూ? వెలుగంతా నా కళ్ళల్లోనే పడింది. రోడ్డేదో గట్టేదో కనిపిస్తే ఒట్టు!” అన్నాడు తాత.

తమ్ముడు పాల డబ్బు ఇచ్చి, తాతను ఇంటి దగ్గర దించి వచ్చాడు. వాడు అబద్ధమాడలేదు. తాతా అబద్ధమాడలేదు. మరి వెలుగు పైకి ఎలా పోయింది?

తెల్లారాక దీపాన్ని పరీక్షించాం. లోపల మూతకు నీటిచుక్కలు బొట్లు బొట్లుగా అంటుకుని ఉన్నాయి. కారు దీపం వెలుగును ఒక గీత గీసినట్టు కింది భాగానే పడేట్టు తీర్చి ఉంటారు. ఆ గీతకు పైన ఎదుటివాడి కళ్ళుంటాయి గనక, అక్కడ చీకటిగానే ఉండాలి. కాని ప్రతి నీటిచుక్కా ఒక చిన్న భూతద్దం. కిందికి పోవలసిన కిరణాలను అది అన్ని దిక్కులకూ చెదరగొడుతుంది. పాత బంక తిరిగి సరిగా అంటుకోలేదు. ఆ సందునించి వాన నీరు లోపలికి దిగింది. కడియం పెట్టటం కన్న, మూత సరిగా మూయకపోవటమే పెద్ద తప్పు.

ఇంకో వింత కూడా కనిపించింది. కడియంలో అక్కడక్కడా మూడేసి దీపాలు వరసగా ఆరిపోయి, పళ్ళూడిన నోరులాగా ఉన్నది. ఒకటీ కాదు, రెండూ కాదు, సరిగ్గా మూడేసి! ఎందుకంటారు?

లెక్క వేసి చూడండి. తెల్లని ఎల్.ఇ.డి.కి సుమారు 3 వోల్టులు కావాలి. కారు బాటరీ 12 వోల్టులది. అందుకని మూడు ఎల్.ఇ.డి.లను గొలుసులాగా కలుపుతారు. వాటికి 9 వోల్టులు పోగా 3 మిగులుతాయి. ఆ మిగులును భరించటానికి ఒక నిరోధకం పెడతారు. దీపం గుండా 20 మిల్లీ ఆంపియర్లు పోవాలంటే, 3ను 0.02తో భాగించగా 150 ఓములు వస్తుంది. మా తమ్ముడి కడియంలో ఉన్నది అదే.

లెక్క సరిగానే ఉంది గాని, ఒక సంగతి మరిచారు. ఇంజను తిరుగుతున్నప్పుడు బాటరీకి విద్యుత్తు ఎక్కుతూంటుంది. అప్పుడు 12 వోల్టులు కాస్తా 14 దాటుతాయి. 14.4 అనుకుందాం. 9 పోగా 5.4 మిగులుతుంది. దాన్ని 150తో భాగిస్తే 36 మిల్లీ ఆంపియర్లు! ఇరవై మోయగల కూలివాడి నెత్తిన ముప్ఫై ఆరు పెట్టినట్టయింది. పక్కనే హెడ్‌లైటు వేడి కూడా ఉన్నది. ఒక దీపం మాడగానే గొలుసు తెగి, మిగతా రెండూ ఆరిపోయాయి. అక్కడ 270 ఓముల నిరోధకం ఉండవలసింది. మంచి కడియాలకైతే, వోల్టులు ఎంత మారినా విద్యుత్తును ఒకే తీరుగా ఉంచే చిన్న పెట్టె ఉంటుంది.

తమ్ముడు ఈసారి తెలిసిన మెకానిక్కును పక్కన పెట్టుకుని పని మొదలుపెట్టాడు. దీపం విప్పేముందే కారును చదునైన నేల మీద గోడకు 25 అడుగుల దూరాన నిలిపి, వెలుగు గీత గోడ మీద ఎక్కడ పడుతున్నదో సుద్దతో గుర్తు పెట్టారు. బాటరీ తీగ ఊడదీశారు. లోపల వెండిలా మెరిసే గిన్నెను ఎవరూ వేలితో తాకలేదు. దాని మీది అల్యూమినియం పూత ఎంత పలచనంటే, గుడ్డ పెట్టి తుడిచినా లేచిపోతుంది. పాత బంక పూర్తిగా గీకేసి, కొత్త బ్యూటైల్ బంక చుట్టూ ఎక్కడా తెగకుండా పెట్టి మూత నొక్కారు. కొన్ని కార్ల దీపాలకు గట్టి జిగురు ఉంటుంది. అది వేడికి లొంగదు, బలవంతం చేస్తే మూత పగులుతుంది. అలాటివి విప్పకపోవటమే మంచిది.

తీగలను చిన్న పార్కింగు దీపం తీగతో కలిపి, నడుమ 1 ఆంపియరు ఫ్యూజు పెట్టారు. ఇరవైనాలుగు ఎల్.ఇ.డి.ల కడియం తాగేది 160 మిల్లీ ఆంపియర్లే గనక ఆ ఫ్యూజు చాలు. కాని కారు బాటరీ అవసరమైతే వందల ఆంపియర్లు ఇవ్వగలదు. ఫ్యూజు లేని తీగ ఒరుసుకుని కారు ఇనుముకు తగిలితే, అది ఎర్రగా కాలి కారునే అంటించగలదు.

అంతా అయ్యాక దీపం మీద బకెట్టుతో నీళ్ళు పోసి చూశారు. లోపల ఒక్క చుక్క లేదు. రాత్రి కారును మళ్ళీ గోడ ముందు నిలిపి, వెలుగు గీత సుద్దగీత మీదికే వచ్చేట్టు మరలు తిప్పారు.

కడియాల రంగు కూడా తెలుపే ఉంచారు. వాహనం ముందువైపు ఎర్ర దీపం చూపరాదనీ, ముందుదీపాల వెలుగు ఎదుటివాళ్ళ కళ్ళు చెదరగొట్టరాదనీ మన దేశపు 1989 మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. మెరిసే నీలం దీపాలు అంబులెన్సుల వంటి వాటికి గుర్తు. ముచ్చట కోసం మనమూ పెట్టుకుంటే, నిజంగా అంబులెన్సు వచ్చినప్పుడు ఎవరు దారి ఇస్తారు?

దీపాలు రెండు రకాలు. మనం దారి చూసుకునేందుకు ఒకటి, ఇతరులకు మనం కనిపించేందుకు ఇంకొకటి. కడియం రెండో రకానిది. 55 వాట్ల హెడ్‌లైటు పక్కన అది రెండు వాట్ల చిన్న దీపం. దారి చూపటం దానివల్ల కాదు. కాని అది మొదటి దీపానికి అడ్డు రాకుండా ఉంటే అందమూ, ఉపయోగమూ రెండూ ఉన్నాయి.

పని పూర్తయిన మర్నాడు చీకటి ఉండగానే తమ్ముడు కారు తీసుకుని చెరువుగట్టు మీదికి వెళ్ళాడు. తాత వస్తుంటే కారు ఆపి, దీపాలు వేసే ఉంచి, “ఇప్పుడెలా ఉంది, తాతా?” అని అడిగాడు.

తాత సైకిలు దిగి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే దీపాలకేసి చూశాడు.

“రోడ్డూ కనిపిస్తున్నది, గట్టూ కనిపిస్తున్నది. నీ కారు కడియాలు కూడా బాగున్నాయి, బాబూ!” అంటూ పాలకాన్లు సర్దుకుని సైకిలెక్కాడు.