గెనిమ మీద నడిచిన కాళ్లు

మైపాడు బీచ్‌లో అల వెనక్కి పోయాక తడి ఇసుకలో మా పెద్దమ్మ అడుగులు చూశాను. డెబ్బై రెండేళ్ల మనిషి. పొట్టి పొట్టి అడుగులు, రెండు పాదాల మధ్య బాగా ఎడం. ప్రతి అడుగు ముందూ బొటనవేలు ఈడ్చిన గీత. అంటే పాదం సరిగ్గా లేవడం లేదు. పోయిన నెల గడప తట్టుకుని పడబోయింది కూడా.

"దినామూ నడస్తానే ఉండా గదబ్బయ్యా, ఇంకేం జెయ్యాల?" అంది.

నడక గుండెకు చాలా మంచిది. తూలడం తగ్గడానికి మాత్రం అదొక్కటే చాలదు. మనిషిని నిలబెట్టేవి కళ్లు, లోపలి చెవి, అరికాళ్ల స్పర్శ, కాళ్ల సత్తువ. శుక్లాలొస్తే గడప మసకబారుతుంది, షుగరు ముదిరితే అరికాలు మొద్దుబారుతుంది. ఒకటి తగ్గితే మిగతావి ఆదుకుంటాయి గానీ, వాటికి రోజూ పని చెప్పాలి. చదును నేల మీద నడక ఆ పని పెద్దగా చెప్పదు. వందకు పైగా పరిశోధనలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2019లో వచ్చింది. వ్యాయామం చేసే పెద్దవాళ్లలో పడిపోవడాలు సుమారు 23 శాతం తగ్గాయని తేలింది. గట్టి రుజువు దొరికింది నిలకడకు పరీక్ష పెట్టే కసరత్తులకే, ఉత్త నడకకు కాదు.

పెద్దమ్మకు ఇదంతా చెప్పకుండా పొలం గెనిమ గుర్తుచేశాను. నాట్లప్పుడు నారుకట్ట నెత్తిన పెట్టుకుని జానెడు గెనిమ మీద ఎలా నడిచేదో! ఒక పాదం వేళ్లకు రెండో పాదం మడమ ఆనించి, అలాగే వంటగట్టు పక్కన పది అడుగులు. చెయ్యి గట్టు మీదే ఉండాలి, పక్కన ఒక మనిషి ఉండాలి. ఆ తర్వాత ఒంటికాలి మీద పది సెకన్లు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, నిదానంగా కూర్చోవడం. ఇవి తేలికైపోతే లాభం తగ్గిపోతుంది కాబట్టి కొంచెం కొంచెం కష్టం పెంచుతూ పోవాలి.

లేవగానే కళ్లు తిరిగేవాళ్లు, ఈమధ్య పడినవాళ్లు ముందు డాక్టరును కలవాలి. బీపీ మాత్రలు, నిద్ర మాత్రలు కూడా తూలిస్తాయి. షుగరున్నవాళ్లు ఇసుకలో వట్టికాళ్లతో నడవొద్దు, గవ్వ గుచ్చుకున్నా తెలియదు.

మూడు వారాలైంది. పెద్దమ్మ ఇప్పుడు గట్టు మీద రెండు వేళ్లే ఆనిస్తోంది. "అవి గూడా తీసెయ్యమనబాక, ఇంకో వారం పోనీ" అంటోంది.